బాబాయికి రెండేళ్లు, అబ్బాయికి 53 ఏళ్లు

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది మెరీనా ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్‌లో చేరింది. సి.వి. రామన్, సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఇద్దరూ అక్కడే చదివారట, బంధువులు కూడానట. రామన్‌కు 1930లోనే నోబెల్ వస్తే చంద్రశేఖర్‌కు 1983 దాకా ఎందుకు రాలేదు? ముసలివాళ్లయితే గానీ ఇవ్వరా?
– ఓ పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: బంధువులంటే దూరపు వరస కాదండీ, చంద్రశేఖర్ నాన్నగారు రామన్‌కు స్వయానా అన్న. ఇక వయసుకీ ప్రైజుకీ సంబంధం లేదు, రామన్‌కు అప్పుడు 42 ఏళ్లే. లారెన్స్ బ్రాగ్‌కైతే 1915లో పాతికేళ్లకే వచ్చింది, అదీ వాళ్ల నాన్నతో కలిపి.

తేడా ఎక్కడుందంటే, రామన్ చెప్పింది ఎవరి ల్యాబ్‌లో వాళ్లు చేసి చూసుకోవచ్చు. ఒకే రంగు వెలుగును బెంజీన్ లాంటి ద్రవంలోకి పంపితే, చెదిరి వచ్చే వెలుగు దాదాపు అంతా అదే రంగులో ఉంటుంది. ఏ కోటిలో ఒక వంతో మాత్రం అక్కడి అణువులకు కాస్త శక్తి ఇచ్చో, వాటి దగ్గర పుచ్చుకునో రంగు మార్చుకుని బయటికొస్తుంది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో ఇది తేలింది. మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ కూడా అదే రోజుల్లో క్వార్ట్జ్ స్ఫటికంలో ఇదే చూశారు గానీ, అచ్చులో ముందొచ్చింది రామన్, ఆయనతో కలిసి పనిచేసిన కె.ఎస్. కృష్ణన్‌ల పేపరు. ప్రైజు మాత్రం రామన్ ఒక్కరికే ఇచ్చారు, కృష్ణన్‌ని పక్కన పెట్టడం నాకైతే ఇప్పటికీ మింగుడు పడదు.

చంద్రశేఖర్‌ది వేరే కథ. 1930లో, 19 ఏళ్ల వయసులో ఇంగ్లండ్ వెళ్లే ఓడలో కూర్చుని లెక్క వేశాడు: ఇంధనం అయిపోయిన నక్షత్రం శ్వేతకుబ్జంగా (వైట్ డ్వార్ఫ్, అంటే బాగా కుదించుకుపోయిన చిన్న నక్షత్రం) కుదురుకోవాలంటే దాని ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 1.4 రెట్లు దాటకూడదు, దాటితే లోపలి ఎలక్ట్రాన్ల ఒత్తిడి చాలక కూలిపోతూనే ఉంటుంది. దీన్ని ల్యాబ్‌లో ఎలా చూపిస్తారు? పైగా 1935 జనవరిలో లండన్ సభలో ఈ మాట చెప్పగానే ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ లేచి, ప్రకృతి నక్షత్రాన్ని అలా ప్రవర్తించనివ్వదంటూ ఎగతాళి చేశాడు. ఆయన ఆ రంగానికి పెద్దదిక్కు, లోలోపల చంద్రశేఖర్‌దే రైటనుకున్న వాళ్లూ పైకి నోరు మెదపలేదు. ఇంకో చిక్కు, ఖగోళానికి నోబెల్‌లో వేరే విభాగం లేదు, నక్షత్రాల లోపలి సంగతులకు ఫిజిక్స్ ప్రైజు ఇవ్వడం 1967లో, నక్షత్రాలకు శక్తి ఎలా వస్తుందో చెప్పిన బేథేతోనే మొదలైంది. పల్సర్లు, అంటే కూలిపోయి గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రాలు, దొరికింది కూడా ఆ ఏడాదే, అప్పుడు గానీ కూలిన నక్షత్రమంటే కాగితం మీద లెక్క కాదని జనానికి నమ్మకం కుదరలేదు. చివరికి 1983 అక్టోబరు 19న, సరిగ్గా ఆయన 73వ పుట్టినరోజున, నక్షత్రాల మీదే పనిచేసిన ఫౌలర్‌తో కలిపి ప్రకటించారు.

ప్రశ్న: రామన్ దగ్గర మన తెలుగువాళ్లెవరూ పనిచేయలేదా?
– ఓ పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: ఎందుకు లేరు, అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు 1928లో కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరారు. తర్వాత వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ, ఆపైన 1957 నుంచి 1962 దాకా బెంగళూరు ఐఐఎస్‌సీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) డైరెక్టరు, అంటే ఒకప్పుడు రామన్ కూర్చున్న కుర్చీయే. ఆ మాటకొస్తే రామన్ కూడా సగం మనవాడే, ప్రెసిడెన్సీకి రాకముందు ఆయన చదివింది విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీలో, వాళ్ల నాన్నగారు అక్కడ మాస్టారు.