చదువు - సందేహాలు: యంత్రం రాసిన అసైన్‌మెంటుకు మార్కులెలా వేయాలి?

ప్రశ్న: నేను ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. ఈ సెమిస్టర్‌లో ‘గ్రామీణ రుణభారం: కారణాలు, నివారణోపాయాలు’ అనే అంశంపై ఇంగ్లిషులో అసైన్‌మెంటు ఇస్తే, అరవై మందిలో సగానికి పైగా ఒకే ధోరణిలో, ఒకే ఉపశీర్షికలతో రాసుకొచ్చారు. ఏఐ రాతను పట్టిస్తుందనే ఒక సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, నా కళ్లెదుటే లైబ్రరీలో కూర్చుని రాసుకున్న అమ్మాయి వ్యాసాన్ని కూడా అది యంత్రం రాసిందనే చూపించింది. ఇంటర్నల్ మార్కుల గడువు దగ్గరపడింది. ఏం చేయమంటారు?
- ఒక అధ్యాపకురాలు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: ముందుగా, ఆ అమ్మాయి మార్కులు కోయకండి. ఈ డిటెక్టర్లకు రాసినవారెవరో తెలియదు. ఒక మాట తరవాత మరో మాట ఎంత ఊహకు అందేలా వస్తోందో అవి లెక్కగడతాయి. ఇంగ్లిషును రెండో భాషగా నేర్చుకున్నవారు తప్పు దొర్లకూడదన్న భయంతో తెలిసిన మాటలనే, పాఠ్యపుస్తకంలో చూసిన వాక్యాలనే వాడతారు కాబట్టి ఆ లెక్కలో ముందుగా వాళ్లే చిక్కుకుంటారు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు టోఫెల్ (ఇంగ్లిషు మాతృభాష కానివారు రాసే ఇంగ్లిషు పరీక్ష) కోసం మనుషులు రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూస్తే, సగటున 61 శాతం యంత్రపు రాతలని తేల్చాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ కూడా అదే ఏడాది జనవరిలో ఒక డిటెక్టర్‌ను విడుదల చేసి, కచ్చితత్వం చాలదంటూ జులైలో ఉపసంహరించుకుంది. తయారుచేసినవారే ఆనవాలు పట్టలేనప్పుడు ఆ అంకెను నమ్మి ఒక విద్యార్థినిని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

ఈ సెమిస్టర్ వరకు, అనుమానం ఉన్నవారినే కాకుండా అరవై మందినీ పిలిచి, వారి వ్యాసంలోంచే ఒక్కో ప్రశ్న అడగండి. మనిషికి మూడు నిమిషాల చొప్పున మూడు గంటలు పడుతుంది. రాసినదాన్ని వివరించగలిగినవారికి మార్కులు వేయడానికి సందేహించనక్కర్లేదు.

వచ్చే సెమిస్టర్‌కు మార్చవలసింది మాత్రం ప్రశ్నను. నిష్ఠూరంగా ఉన్నా చెప్పక తప్పదు: 2022 నవంబరులో చాట్‌జీపీటీ రాకముందు కూడా ‘కారణాలు, నివారణోపాయాలు’ అన్న ప్రశ్నకు చాలామంది సొంతంగా జవాబు రాయలేదు, జిరాక్సు దుకాణంలో దొరికే గైడులోంచి దించారు. దాని బదులు, ప్రతి విద్యార్థీ తనకు తెలిసిన ఒక కుటుంబంతో మాట్లాడి, పేరు బయటపెట్టకుండా, ఆ ఇంటి అప్పుల పట్టిక తయారుచేయాలని అడగండి. పంట రుణం, డ్వాక్రా అప్పు, బంగారం తాకట్టు, వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చినది, అన్నీ అందులో రావాలి. ‘నూటికి రెండు రూపాయలు’ అని ఊళ్లో మామూలుగా చెప్పుకునే నెలవారీ వడ్డీ ఏడాదికి 24 శాతమని, కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతమే అని, సకాలంలో తీరిస్తే అది 4 శాతానికి దిగుతుందని పక్కపక్కన రాసుకున్న విద్యార్థికి, ఆ ఇంటివాళ్లు అయినా వడ్డీ వ్యాపారి గడప ఎందుకు తొక్కారన్న సందేహం తనంతట తానే వస్తుంది. ఆ సందేహం పుట్టాకే ఏఐని పిలవనివ్వండి. అది చెప్పిన కారణాల్లో తాను విన్నదానితో ఏది పొసగలేదో ఒక పేజీలో రాసి, ఆ సంభాషణ ప్రతిని వెనక జతచేయమనండి. ఏఐని ఎక్కడ వాడవచ్చో, ఎక్కడ కూడదో అసైన్‌మెంటు కాగితం పైనే రాసి ఉంటే, తరవాత పేచీలు రావు.

ప్రశ్న: బీటెక్ రెండో సంవత్సరం విద్యార్థిని. ఏఐ సాయంతో ల్యాబ్‌లో ప్రతి ప్రోగ్రామూ రన్ అవుతోంది కానీ వైవాలో నోరు పెగలడం లేదు. పూర్తిగా మానేయాలా?
- ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మానేయనక్కర్లేదు, వాడే వరస మార్చాలి. టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు విద్యార్థులతో గణితంలో ఒక ప్రయోగం చేశారు. మామూలు చాట్‌బాట్ అందినవారు అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేశారు కానీ, దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివారి కన్నా 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే చాట్‌బాట్ అందినవారికి ఆ నష్టం దాదాపు లేకపోయింది. హార్వర్డ్‌లో సీఎస్50 అనే కంప్యూటర్ సైన్స్ పరిచయ కోర్సు విద్యార్థులకు 2023లో ఇచ్చిన ‘బాతు’ చాట్‌బాట్ కూడా కోడ్ రాసిపెట్టకుండా దారి చూపేలా తయారుచేసినదే.

మీరు లింక్డ్ లిస్టులోంచి (ఒక్కో డబ్బా తన తరవాతి డబ్బాను చూపే డేటా గొలుసు) ఒక నోడ్, అంటే ఒక డబ్బా, తొలగించాలనుకోండి. ముందు కాగితం మీద మూడు డబ్బాలు గీసి బాణాలు వేసి, ఏ బాణం ముందు మార్చాలో తేల్చుకుని, కోడ్ మీరే రాయండి. ఆగిపోతే, ‘సరిచేసి ఇవ్వు’ అనకుండా ‘నా తప్పు ఏ లైనులో ఉందో సూచన మాత్రమే ఇవ్వు’ అని అడగండి. తరవాత ఆ చాట్ కిటికీ మూసి మళ్లీ మొదటినుంచి రాయండి. వైవాలో ఎగ్జామినర్ అడిగేది ‘ఈ లైను తీసేస్తే ఏమవుతుంది?’ అనే కదా. ఒకసారి తీసేసి చూసినవాడికి అది కష్టమైన ప్రశ్న కాదు.

ప్రశ్న: తెలుగు సాహిత్యం చెప్పేవారికి ఏఐతో పనేముంది?
- ఒక తెలుగు లెక్చరర్, వరంగల్

జవాబు: దాని తప్పులతోనే బోలెడు పని ఉంది. మొన్న వాన మీద ఉత్పలమాల పద్యం అడిగితే నాకు వచ్చిన మొదటి పాదం ‘ఆకసమందు మేఘములు గర్జన చేసెను’ అని మొదలైంది. భ, ర, న, భ, భ, అంతవరకు గణాలు కుదిరాయి. యతిస్థానమైన పదో అక్షరం ‘గ’కూ మొదటి అక్షరం ‘ఆ’కూ మైత్రి లేదు. ‘ఆర్భటి’ అని దిద్దితే యతి కుదురుతుంది కానీ, ఉత్వసంధి వచ్చి ‘మేఘములార్భటి’ అయి నగణం చెడుతుంది. ‘హంగుగ మూగెను’ అంటే రెండూ నిలుస్తాయి. ఈ కుస్తీ నల్లబల్ల మీద పిల్లల చేతే చేయించండి. ప్రాస (పాదంలో రెండో అక్షరం) ‘క’ మీద పడింది కాబట్టి మిగిలిన మూడు పాదాలనూ వాళ్లకే వదిలేయవచ్చు.