గైడ్‌కు 40 వేల సైటేషన్లు ఉంటే మీ అమ్మాయికి ఏమిటి?

ప్రశ్న: మా అమ్మాయి లైఫ్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీ చేసింది, జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. క్యాన్సర్ ఇమ్యునాలజీలో పీహెచ్‌డీకి రెండు చోట్ల సీటు ఇస్తామన్నారు. ఒక గైడ్‌కు 40 వేలకు పైగా సైటేషన్లు (వాళ్ల పేపర్లను ఇతరులు తమ పేపర్లలో ప్రస్తావించిన లెక్క), ఇంకొకరికి రెండు వేలు కూడా లేవు. తనేమో రెండో ల్యాబే కావాలంటోంది. డబ్బు కడితే నాలుగు పేపర్లు వేయించి ప్రొఫైల్ పెంచుతామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: మీరు అడిగింది సైటేషన్ల గురించే అయినా, మీ భయం వేరు. ఐదారేళ్లు పోయాక అమ్మాయి చేతిలో ఉద్యోగం ఉంటుందా అన్నదే మీ టెన్షన్. పీహెచ్‌డీ మాట ఎత్తిన ప్రతి ఇంట్లోనూ ఇదే అడుగుతారు, అడగడంలో తప్పేమీ లేదు.

ముందు కాస్త ధైర్యం తెచ్చుకోండి. జేఆర్‌ఎఫ్ కింద మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తర్వాత 42 వేలు వస్తాయి, హెచ్‌ఆర్‌ఏ అదనం. తన ఖర్చులు తనే చూసుకుంటుంది. ఫ్యాకల్టీ పోస్టులు తక్కువన్న మాట నిజమే. కానీ ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారు చేసిన నెక్స్‌కార్19 అనే రక్త క్యాన్సర్ చికిత్సకు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. రోగి రక్తంలోంచి టీ కణాలను (రోగనిరోధక కణాలను) తీసి, మార్చి, పెంచి తిరిగి ఎక్కించే పని అది. ఆ కణాలను పెంచడం, ఫ్లో సైటోమెట్రీ అనే లేజర్ పద్ధతిలో పరీక్షించడం చేతనైన వాళ్లు కంపెనీలకు కావాలి. ఆ పని పేపర్లు చదివితే రాదు. ఆసుపత్రి నుంచి సాయంత్రం శాంపిల్ వస్తే కణాలు రేపటి దాకా ఆగవు, రాత్రి ఎంతసేపైనా కూర్చుని వేరు చేయాల్సిందే. అలా ఏళ్ల తరబడి చేసిన చేతికి విలువ ఉంటుంది.

ఇక ఈ రంగం మీద నాకున్న అనుమానం కూడా చెప్పాలి. 2018లో జేమ్స్ ఆలిసన్‌కు, తసుకు హోంజోకు నోబెల్ వచ్చాక ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్స) మీద మోజు బాగా పెరిగింది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది పీడీ-1 (టీ కణాలకు బ్రేకు వేసే ప్రోటీన్) మీదే పని చేస్తామంటారు. హోంజో ల్యాబ్ 1992లో పీడీ-1ను కనుక్కున్నప్పుడు వెతుకుతున్నది క్యాన్సర్ మందు కోసం కాదు, కణాలు ఎలా చనిపోతాయన్న ప్రశ్నకు జవాబు కోసం. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే మందుకు జపాన్‌లో అనుమతి వచ్చింది 2014లో. ఆలిసన్ 1996లో మరో ప్రోటీన్‌ను అడ్డుకుని ఎలుకల్లో కణితులు తగ్గడం చూపిస్తే, ఆ మందు 2011లో వచ్చింది. మధ్యలో కంపెనీల చుట్టూ ఎంతో తిరగాల్సి వచ్చింది. ఈ మందులు ఇప్పటికీ కొందరు రోగుల్లోనే పనిచేస్తాయి. మిగతా వాళ్లలో ఎందుకు పనిచేయడం లేదో పట్టుకోవడమే అసలు పని. పేరుమోసిన అణువు వెంట పడితే, వందమంది ఉన్న విదేశీ ల్యాబ్ అదే ప్రయోగాన్ని మీ అమ్మాయి కన్నా ముందు ముగించేస్తుంది. తన ప్రాజెక్టు ఏ ప్రశ్న మీద అన్నది గైడ్ పేరుకన్నా ముఖ్యం.

ఇప్పుడు ఆ 40 వేలు. పెద్ద క్లినికల్ ట్రయల్ పేపర్‌లో 50 మంది పేర్లుంటే, దానికి వచ్చే సైటేషన్లన్నీ 50 మంది ఖాతాల్లోనూ పూర్తిగా పడతాయి. పాత పరిశోధనలను సమీక్షించే రివ్యూ వ్యాసాలకు కొత్త ప్రయోగం లేకున్నా సైటేషన్లు బాగా వస్తాయి. హెచ్-ఇండెక్స్ (పేపర్లు, వాటి సైటేషన్లు కలిపి లెక్కకట్టే స్కోరు) వయసుతో పాటు పెరుగుతుందే తప్ప తగ్గదు. గూగుల్ స్కాలర్‌లో ఇద్దరి పేజీలూ తెరిచి, సంవత్సరం వారీగా పెట్టి, గత ఐదేళ్ల పేపర్లు చూడండి. బయాలజీలో మామూలుగా మొదటి పేరు పని చేసిన విద్యార్థిది, చివరి పేరు గైడ్‌ది. గైడ్ పేరు ఎక్కువగా మధ్యలోనే కనిపిస్తుంటే ఆ సైటేషన్లు మీ అమ్మాయికి ఉపయోగపడవు. మొదటి పేర్లలో సొంత విద్యార్థులు ఉన్నారా, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు? నేనైతే అదొక్కటే చూస్తాను.

ఒక మాట కటువుగానే అంటాను. ఎంసెట్ ర్యాంకు చూసి కాలేజీ ఎంచినట్టు సైటేషన్లు చూసి గైడ్‌ను ఎంచుతున్నారు మీరు. రెండు ల్యాబులకూ వెళ్లి మాట్లాడి వచ్చింది మీ అమ్మాయి. రెండోదే ఎందుకు నచ్చిందని ఒక్కసారైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ కారణం ఎక్కడా లేదు. జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న పిల్ల మాట కన్నా కన్సల్టెన్సీ మాటకు విలువ ఇవ్వడం నాకు బాధ కలిగించింది.

ఆ కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా పంపకండి. కొన్న పేపర్లు బయటపడతాయి. 2023లో హిందావీ అనే ఒక్క ప్రచురణ సంస్థే 8 వేలకు పైగా పేపర్లను రద్దు చేసింది. రద్దయిన పేపర్ మీద పేరు అలాగే ఉండిపోతుంది, రేపు ఏ ల్యాబ్‌కు దరఖాస్తు చేసినా వెతికితే కనిపిస్తుంది.

ఫెలోషిప్ ఐదేళ్లే, థీసిస్ ఆరో ఏడుకు జరగడం మామూలే. అప్పుడు జీతం ఎక్కడి నుంచి ఇస్తారని ఇద్దరు గైడ్లనూ మీ అమ్మాయిని అడగమనండి. చిన్న ల్యాబ్‌కు ఇంకా ఎన్నేళ్ల గ్రాంట్ ఉందో కూడా తెలుసుకోమనండి. అక్కడి సీనియర్ విద్యార్థులతో గైడ్ లేనప్పుడు మాట్లాడి రమ్మనండి. ఆ జవాబులు సరిగా ఉంటే రెండో ల్యాబ్‌లోనే చేరనివ్వండి.