నో సిగ్నల్ అని వస్తే పార్టులు కొనకు బిడ్డా

బిడ్డా,

నీ మెసేజ్ చూసిన, వీడియో కూడ రెండుసార్లు చూసిన. బటన్ నొక్కితే లైట్లు వస్తున్నయ్, ఫ్యాన్లు తిరుగుతున్నయ్, మానిటర్ల మాత్రం నో సిగ్నల్ అని వచ్చి నల్లగ అయిపోతుంది, కింద షాపాయన చూసి మదర్‌బోర్డ్ పోయింది ఎనిమిది వేలైతది అన్నడు అని రాసినవ్. కవర్ కూడ తీయకుండ బోర్డ్ పోయిందని ఎవ్వరూ చెప్పలేరు. ఆయనకు ఒక్క రూపాయి ఇయ్యకు, ఇంక ఎవ్వరికీ ఇయ్యకు, ముందు ఇది పూర్తిగ చదువు.

ఉప్పల్ రూమ్‌ల ఉన్నన్ని రోజులు మంచిగ నడిచిన సిస్టమ్ అది. ట్రాలీ ఆటోల వేసి కూకట్‌పల్లికి తెచ్చినంక వస్తలేదు. మరి మధ్యల ఏం జరిగింది? కరెంట్ పెట్టలేదు, పిడుగు పడలేదు, కాలిపోయేటంత పని ఏదీ కాలేదు. కేబుళ్ళు పీకి మళ్ళ పెట్టినవ్, స్పీడ్ బ్రేకర్ల మీద క్యాబినెట్ ఎగిరెగిరి పడ్డది. అంటె ఏదో కదిలింది, లేదా ఏదో తప్పు చోట పెట్టినవ్. ఎవరి సిస్టమ్ డిస్‌ప్లే రాకపోయినా నేను మొదలు అడిగేది ఇదే, చివరిసారి నడిచినప్పటికి ఇప్పటికి ఏం మారింది అని. దానికి జవాబు దొరికితే సగం పని అయినట్టే. పార్టు చచ్చిపోయింది అనే మాట అన్నీ చూసినంక చివర్ల అనాలె.

నీ ప్రాజెక్ట్ ఫైళ్ళ గురించి ఏడ్చినవంట, మీ అమ్మ చెప్పింది. ఫైళ్ళు ఎస్‌ఎస్‌డీల, అంటె అన్నీ దాచిపెట్టే డిస్క్‌ల ఉన్నయ్, డిస్‌ప్లే రాకపోతే వాటికేం కాదు. అసలు బొమ్మ రావడానికి ఎస్‌ఎస్‌డీతో పనే లేదు, దాన్ని పీకి టేబుల్ మీద పెట్టి ఆన్ చేసినా కంపెనీ లోగో, బయోస్ (సిస్టమ్ లేవంగనే మొదట నడిచే ప్రోగ్రామ్) స్క్రీన్ రావాలె. అందుకే నో సిగ్నల్ వస్తుంటె విండోస్ మళ్ళ ఎక్కియ్యాలె, ఫార్మాట్ కొట్టాలె అని ఎవరన్నా అంటె సిస్టమ్ తీస్కొని అక్కడి నుంచి వచ్చెయ్.

ఇప్పుడు బయటి నుంచి లోపలికి పోదాం. మానిటర్ కేబుల్ క్యాబినెట్ వైపు పీకేసి ఒక్క మానిటర్ ఆన్ చెయ్యి, దాని సొంత మెనూ కనిపించిందంటె మానిటర్ బతికే ఉంది. ఆ మెనూల ఇన్‌పుట్ అనో సోర్స్ అనో ఉంటది, నీ కేబుల్ హెచ్‌డీఎంఐల ఉండి అది డిస్‌ప్లే పోర్ట్ మీదనో వీజీఏ మీదనో సెట్ అయి ఉంటె పొద్దంతా చూసినా నో సిగ్నలే వస్తది. తర్వాత మీ రూమ్మేట్ ల్యాప్‌టాప్ అడుగు, అదే కేబుల్ దానికి పెట్టి చూడు, బొమ్మ వస్తె మానిటర్ కేబుల్ రెండూ మంచివే, ఇంక వాటిని మర్చిపోవచ్చు.

ఇప్పుడు చెప్పేది జర ధ్యాసతోటి చదువు, నాకు ఎక్కువ అనుమానం ఇక్కడనే. నీ ప్రాసెసర్ ఐ5 12400ఎఫ్. ఆ చివర్ల ఎఫ్ ఉందంటె దాంట్ల గ్రాఫిక్స్ పనిచెయ్యదు, నీకు బొమ్మ ఇచ్చేది గ్రాఫిక్స్ కార్డ్ ఒక్కటే. కాని మదర్‌బోర్డ్‌కు కూడ హెచ్‌డీఎంఐ పోర్ట్ ఉంటది, ఎఫ్ ప్రాసెసర్ పెట్టినప్పుడు దాంట్ల నుంచి ఎప్పటికీ ఏం రాదు. వెనక చూస్తె పైన యూఎస్‌బీ, కీబోర్డ్, నెట్ పోర్టులు ఉన్న వరుస మదర్‌బోర్డ్‌ది, దాని కింద విడిగ అడ్డంగ పట్టీ లెక్క ఉండేది కార్డ్‌ది. సామాన్లు సర్దుకుంట చీకట్ల చెయ్యి వెనక్కి పెట్టి కేబుల్ గుచ్చితే పైన ఉన్న పోర్టే ముందు దొరుకుతది. నువ్వు పంపిన వీడియోల వెనక పక్క కనపడలేదు, కనుక పో, చూడు, కింద ఉన్న కార్డ్‌కే పెట్టు. మీ క్లాస్‌మేట్లకు రైజెన్ 5 5600 ప్రాసెసర్ ఉన్నా ఇదే కథ, 5600జీ అయితె మాత్రం బోర్డ్ పోర్ట్‌ల నుంచి కూడ వస్తది.

అది సరిగ్గనే ఉందంటె ఇంకో చిన్న పరీక్ష. ఆన్ చేసి ఒక నిమిషం ఆగి కీబోర్డ్ మీద క్యాప్స్ లాక్ నొక్కు. లైట్ వెలిగి ఆరుతుంటె లోపల సిస్టమ్ లేచి కూర్చున్నట్టే, ప్రాసెసరు, ర్యాము (మెమరీ), బోర్డు పనిచేస్తున్నయ్, బొమ్మ వచ్చే దారి ఒక్కటే ఆగింది. అప్పుడు విండోస్ బటన్‌తో పి నొక్కి బాణం గుర్తుతో ఒక్కొక్క ఆప్షన్ కిందికి జరిపి ఎంటర్ కొట్టి చూడు, ఇంతకుముందు రెండో స్క్రీన్‌కు మార్చి మర్చిపోయిన కేసులు ఉంటయ్. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళ మొదలైతది, అది కూడ చెయ్యి. లైట్ అసలు కదలకపోతె మాత్రం సిస్టమ్ మొదట్లనే ఆగిపోతుంది, మూత తీయాల్సిందే.

మూత తీసే ముందు స్విచ్ ఆపి, వైర్ గోడకెల్లి పూర్తిగ పీకి, పవర్ బటన్ ముప్పై సెకండ్లు నొక్కి పట్టు, లోపల మిగిలిన కరెంట్ పోతది. క్యాబినెట్ ఇనుమును చేతితో ముట్టుకో, ఒంటి మీది స్టాటిక్ దిగిపోతది. నైలాన్ చున్నీ, కార్పెట్ వద్దు, ఉత్త బండల మీద కూర్చొని చెయ్యి. ఒక మాట గట్టిగ చెప్తున్న, అన్నిటికీ కరెంట్ ఇచ్చే ఆ ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల విప్పకు. ప్లగ్ పీకినంక కూడ దాని కెపాసిటర్ల మూడొందల ఓల్టులకు పైన నిలిచి ఉండొచ్చు. యూట్యూబ్‌ల పేపర్ క్లిప్ పెట్టి ఎస్‌ఎంపీఎస్ టెస్ట్ చేస్తరు, అది కూడ వద్దు, అట్ల ఫ్యాన్ తిరిగినంత మాత్రాన లోడ్ పడ్డప్పుడు తట్టుకుంటదా అనేది తెల్వదు.

మొదట గ్రాఫిక్స్ కార్డ్. నీది 3060, బరువైనది, అది ఆటోల ఊగి స్లాట్‌ల నుంచి ఒక పక్క లేచి ఉండొచ్చు, చూస్తె సరిగ్గ ఉన్నట్టే కనిపిస్తది కాని లోపల కాంటాక్ట్ ఉండదు. దాని పవర్ వైర్ పీకు, వెనక స్క్రూ తియ్యి, స్లాట్ చివర్ల ఉండే చిన్న లాక్ నొక్కి పట్టుకొని నిదానంగ పైకి గుంజు. లాక్ నొక్కకుండ గుంజితే స్లాటే విరుగుతది. మళ్ళ పెట్టినప్పుడు టక్కుమని చప్పుడు రావాలె, తర్వాత స్క్రూ, తర్వాత పవర్ వైర్ లోపలి దాక. అట్లనే బోర్డ్‌కు వచ్చే పెద్ద 24 పిన్నుల కనెక్టరు, పైన ఎడమ మూలల ప్రాసెసర్‌కు వచ్చే 8 పిన్నులది రెండూ ఒత్తు. ఆ మూల దానిని చానామంది చూడనే చూడరు, అది వదులైతె కూడ ఫ్యాన్లు తిరుగుతనే ఉంటయ్, బొమ్మ రాదు.

తర్వాత ర్యామ్. రెండు స్టిక్కులు తియ్యి, బంగారు రంగు గీతలను వేళ్ళతో ముట్టకు. మామూలు పెన్సిల్ ఎరేజర్‌తో ఆ గీతల మీద మెల్లగ రుద్ది, పొడి ఒక్క రవ్వ కూడ మిగలకుండ బ్రష్‌తో దులుపు. ఇప్పుడు ఒక్క స్టిక్ మాత్రమే పెట్టు, నాలుగు స్లాట్లు ఉంటె ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో దాంట్ల, రెండు పక్కల సమానంగ ఒత్తి. ఆన్ చెయ్యి. రాకపోతె రెండో స్టిక్, అదే స్లాట్‌ల. రాకపోతె వేరే స్లాట్. ఒకసారికి ఒక్కటే మార్చు బిడ్డా. నాలుగు ఒకేసారి మారిస్తె బొమ్మ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెల్వదు, రేపు మళ్ళ ఆగితే మొదటికే వస్తవ్. ప్రతిసారి ప్లగ్ పీకినంకనే చెయ్యి పెట్టు.

ఇంకా రాకపోతె బోర్డ్ మీద గుండ్రటి సెల్ ఉంటది, సీఆర్ 2032 అని దాని మీద రాసి ఉంటది, చేతి గడియారం సెల్ కంటె జర పెద్దది. కరెంట్ పీకి దాన్ని తీసి ఐదు నిమిషాలు పక్కన పెట్టు, బయోస్ సెట్టింగులు మొదటి లెక్కకు పోతయ్. ఇది చేసినంక మొదటిసారి ఆన్ చేస్తె ర్యామ్‌ను మళ్ళ కొత్తగ గుర్తుపట్టాలె, రెండుమూడు సార్లు తనంతట తనే ఆరి వెలుగొచ్చు. డీడీఆర్5 రకం ర్యామ్ ఉన్న సిస్టమ్‌లల్ల అయితె కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనే ఉండొచ్చు. అప్పుడు ఆగం ఆగం బటన్ నొక్కకు, వదిలెయ్, చాయ్ తాగి రా.

మూత తీసే ఉంటది కదా, ఆన్ చేసినప్పుడు బోర్డ్ అంచున చూడు, చిన్న చిన్న లైట్ల పక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉండొచ్చు. చవక బోర్డ్‌లకు ఇవి ఉండవు, నీ దానికి ఉంటె మన అదృష్టం. ఒక్కొక్కటి వెలిగి ఆరుకుంట పోతయ్, ఏది వెలిగి అట్లనే ఆగిపోతదో పంచాయితి అక్కడ ఉన్నట్టు. డీర్యామ్ దగ్గర ఆగితే ర్యామ్‌తో, వీజీఏ దగ్గర ఆగితే కార్డ్‌తో మళ్ళ కుస్తీ పట్టు. లైట్లు లేకుంటె కోఠి గుజరాతీ గల్లీల చిన్న బజర్ దొరుకుతది, బోర్డ్ మీద స్పీకర్ అని ఉన్న పిన్నులకు తగిలించి, ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చెయ్యి. బీప్ బీప్ అని అరిస్తె సంతోషపడు, ర్యామ్ లేదని చెప్పేటంత తెలివి దానికి ఉందంటె బోర్డు ప్రాసెసరు బతికున్నట్టే. ఆ షాపాయన చెప్పింది తప్పని అక్కడనే తేలుతది.

ప్రాసెసర్ మాత్రం నువ్వు తియ్యకు. దాని కింద సాకెట్‌ల వెంట్రుకలంత సన్నటి పిన్నులు ఉంటయ్, ఒక్కటి వంగినా బోర్డ్ నిజంగనే పోతది. మీద ఉన్న కూలర్ ఊగుతుందా లేదా అని వేలితో ఆనించి చూడు, ఊగితే నాకు చెప్పు, నేనే వచ్చి చూస్త.

ఇవన్నీ అయినంక కూడ బొమ్మ రాకపోతె అప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల సీటీసీ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌కు పో. కేపీహెచ్‌బీల మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌ల లైన్ మారి ప్యారడైజ్‌ల దిగితే దగ్గరనే, కాని క్యాబినెట్ మోసుకుంట మెట్రో వద్దు, ఆటో మాట్లాడుకో. ఆదివారం పోకు, చానా షాపులు మూసే ఉంటయ్. మానిటర్ అవసరం లేదు, వాళ్ళ దగ్గర ఉంటది. కార్డ్ విప్పి బట్టల చుట్టి ఒళ్ళో పెట్టుకో, మళ్ళ ఆటోల ఊగనియ్యకు. పోయే ముందు ర్యామ్, కార్డ్, ఎస్‌ఎస్‌డీ మీది సీరియల్ నంబర్లు ఫోన్‌ల ఫోటో తీస్కో. సిస్టమ్ అక్కడ వదిలి రేపు రమ్మంటె ఒప్పుకోకు, నీ కండ్ల ముందర చెయ్యమను. వాళ్ళను ఏం అడగాలె అంటె, మీ దగ్గర నడుస్తున్న ర్యామ్ ఒకటి నా బోర్డ్‌ల పెట్టి చూపియ్యుండి, నడుస్తున్న కార్డ్ ఒకటి పెట్టి చూపియ్యుండి అని. పాత జీటీ 710 కార్డ్ అయినా సరే, దానికి వేరే పవర్ వైర్ కూడ అక్కర్లేదు. దాంతోని బొమ్మ వస్తె నీ కార్డ్‌దే తప్పు, రాకపోతె ఎస్‌ఎంపీఎస్ మార్చి చూడమను, బోర్డ్ మాట అన్నింటికన్నా చివర్ల. ఏ పార్ట్ పోయిందని తేలినా అక్కడనే కొనకు, సిస్టమ్ కొన్నప్పటి బిల్లులు మీ నాన్న బీరువాల పెట్టిండు, వారంటీ ఉందేమో చూసినంకనే మాట్లాడుదాం.

ఇయ్యాల రాత్రి మాత్రం మూత తీసే పని పెట్టుకోకు, వెనక కేబుల్ ఏ పోర్ట్‌ల ఉందో చూసి ఫోటో తీసి పంపు, నేను పదకొండు దాక మెల్కునే ఉంట.

మీ చిన్నాన్న