రొయ్య సీడ్‌లో (పిల్లల్లో) తెల్లమచ్చ వైరస్‌ను పీసీఆర్ మెషీన్ (డీఎన్‌ఏను పెంచి చూసే యంత్రం) లేకుండా చవగ్గా పట్టొచ్చా?

ముత్తుకూరు వైపు వనామీ రొయ్య వేసే రైతు అడిగిన ప్రశ్న ఇది.

పట్టొచ్చు. ల్యాంప్ అనే డీఎన్‌ఏ పెంచే పద్ధతికి 60–65 డిగ్రీల దగ్గర నిలకడైన వేడి ఉంటే చాలు, వైరస్ డీఎన్‌ఏ కోట్ల రెట్లు పెరుగుతుంది. పెరిగిందో లేదో చూడటానికి షుగర్ టెస్ట్ స్ట్రిప్ లాంటి కార్బన్ ఎలక్ట్రోడు వాడొచ్చు. ద్రావణంలో మిథిలీన్ బ్లూ కలుపుతారు, ఎలక్ట్రోడు దగ్గర కరెంటు ఇచ్చే రంగు ఇది. కొత్తగా పుట్టిన డీఎన్‌ఏ ఆ రంగును పట్టేసుకుంటుంది, ఎలక్ట్రోడు దాకా వచ్చేది తగ్గి కరెంటు పడిపోతుంది. డీఎన్‌ఏ పెరిగేటప్పుడు వచ్చే పీహెచ్ (ఆమ్లత) మార్పును కొలిచే దారి కూడా ఉంది గానీ, నమూనాతో వచ్చే క్షారం దాన్ని తేలిగ్గా చెడగొడుతుంది. నేనైతే మొదటిదే ఎంచుకుంటాను.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను: డీఎన్‌ఏ పెరిగిందనే కరెంటు చెబుతుంది, ఏ డీఎన్‌ఏనో చెప్పదు. ప్రైమర్లు (వైరస్ డీఎన్‌ఏను పట్టడానికి వేసే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఒకదానికొకటి అతుక్కుని పెరిగినా పాజిటివ్ అనే వస్తుంది. నమూనా వేయని ట్యూబు ఒకటి ప్రతిసారీ పక్కన పెట్టండి. అందులోనూ కరెంటు తగ్గితే ఆ విడత ఫలితాలేవీ నమ్మొద్దు.