ఒక్కదానివే మోయకు, తొందరపడి అప్పగించకు

మిర్యాలగూడ

బిడ్డా,

నీ మెయిల్ చదివాను. డీటీపీ షాపుల్లో వాడే పాత అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ను, ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే నీ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇక చూసుకోలేనని రాశావు. ఆఫీసు పని అయ్యేసరికే రాత్రవుతోంది, ఆపైన బగ్గుల టెన్షన్. ఆరు నెలలుగా సాయం చేస్తున్న ఆ కొత్తాయనకే మొత్తం ఇచ్చేస్తానన్నావు. నీ అలసట నాకు అర్థమైంది. అప్పగింత మాత్రం ఇప్పుడే వద్దు.

ఎక్స్‌జెడ్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఫైళ్లను కుదించే చిన్న టూల్, సర్వర్లను నడిపే లైనక్స్ సిస్టమ్ దాదాపు ప్రతిదానిలోనూ ఉంటుంది. జీతం లేకుండా ఏళ్ల తరబడి ఒక్క మనిషే చూసుకున్నాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చి ఓపిగ్గా పనికొచ్చే మార్పులు పంపారు. ఇంకోపక్క వేరే పేర్లతో కొందరు "ఇంత ఆలస్యమా, వేరేవాళ్లకు ఇచ్చెయ్" అని ఆ మెయింటైనర్‌ను సతాయించారు. మానసికంగా బాగాలేదని ఆయన చెప్పుకున్నా వదల్లేదు. చివరికి రిలీజ్ హక్కులు, అంటే కొత్త వెర్షన్‌ను విడుదల చేసే అధికారం, ఆ జియా టాన్ చేతికి వెళ్లాయి. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో, బయటివాళ్లు రహస్యంగా మెషీన్‌లోకి చొరబడేలా దొంగదారి పెట్టారు. తన మెషీన్‌లో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి ఆ మార్చిలో బయటపడింది. ఆ మెయింటైనర్‌ను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఆయన్ని ఒంటరిగా వదిలేసింది, ఆ టూల్‌ను వాడుకున్న మనమందరం.

నీ కొత్తాయన మంచివాడే కావచ్చు. అయినా హక్కులు విడివిడిగా ఇవ్వు. ప్రశ్నలకు జవాబులు, టెస్ట్ ఫైళ్లు ఇప్పుడే ఇవ్వొచ్చు. రిలీజ్ హక్కు మాత్రం నీకు ముఖపరిచయం ఉన్న ఇంకొకరు దొరికాకే. ఎవరు రాసిన మార్పయినా, నువ్వు రాసిందైనా సరే, రెండో మనిషి చదివి ఓకే అన్నాకే కోడ్‌లో కలవాలి.

అంతకంటే ముందు నీ తలలో ఉన్నది కాగితం మీదికి రావాలి. పెళ్లి కార్డుల్లో 'లక్ష్మి' అనే పేరు మారుస్తుంటే కింది మకారం ఎగిరిపోయేదని చెప్పావు గుర్తుందా? అను ఫాంట్లో ఒత్తు ఒక ముక్క, గుణింతం గుర్తు ఇంకో ముక్క. వాటిని ఏ వరుసలో అతికితే సరిగ్గా వస్తుందో నీకొక్కదానికే తెలుసు. ఆ వరుస, తప్పిన మాటలు, రిలీజ్ చేసే పద్ధతి అన్నీ తెలుగులోనే రాసిపెట్టు. కొత్తగా వచ్చేవాళ్లు నిన్ను ఫోన్లో అడగాల్సిన పని ఉండొద్దు.

ఇక డబ్బు. అడగడానికి మొహమాటపడకు. సాగర్ ఎడమ కాలువ మీద నీళ్లు చూసుకునే లష్కర్ ఉన్నన్నాళ్లు ఎవరూ అతన్ని తలచుకోరు, చివరి ఆయకట్టుకు నీళ్లు రాకపోతేనే వెతుకుతారు. వెబ్‌సైట్లకు వెళ్లే సమాచారాన్ని ఎవరూ చదవకుండా కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌దీ అదే కథ. లెక్కలేనన్ని సైట్ల భద్రత దాని మీదే నడిచేది, అయినా 2014లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం అందులో బయటపడేదాకా ఏడాదికి వచ్చిన విరాళాలు సుమారు 2,000 డాలర్లే. పెద్ద కంపెనీలు డబ్బులిచ్చింది ఆ తర్వాతే. మన దేశంలో షేర్ల బ్రోకింగ్ కంపెనీ జెరోధా 2024లో, ఇలాంటి ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లకు సాయంగా ఏటా 10 లక్షల డాలర్లతో ఫ్లాస్ ఫండ్ పెట్టింది. అప్లై చెయ్యి, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకు. నల్లగొండలో డీటీపీ షాపులవాళ్లు జిరాక్స్ మెషీన్‌కు ఏటా ఏఎంసీ, అంటే మరమ్మతు ఒప్పందం డబ్బు, కడతారు. సాఫ్ట్‌వేర్ ఎప్పటిలాగే ఉచితమే, ఫోన్ చేస్తే పలికే సర్వీసుకు మాత్రం ఇంత అని చెప్పు. కట్టనివాళ్లకు ఆదివారం ఒక్కరోజే జవాబిస్తానని పేజీ మీద రాసెయ్.

ఇవన్నీ చేసినా మనిషి దొరకకపోతే కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో దాన్ని ఆర్కైవ్ చేసి, అంటే చదవడానికి మాత్రమే ఉంచేసి, ఇక మార్పులుండవని పైన పెద్దక్షరాలతో రాయి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కోడ్ అక్కడే ఉంటుంది, కావాల్సినవాళ్లు తీసుకుని నడుపుకుంటారు.

ఆ కొత్తాయనకు రాసే జవాబు పంపే ముందు నాకు చూపించు. షాపులవాళ్లతో ఈ వారంలో నేను మాట్లాడతాను, రేటు ఎంత చెప్పమంటావో రాయి.

నీ మేనమామ