నడుస్తున్న ఫైల్ మీద సీపీ కొట్టకండి

ప్రశ్న: మాదాపూర్‌లోని మా ఆఫీసులో సెర్చ్ సర్వీస్ 2 జీబీ ఇండెక్స్ ఫైల్‌ను ఎమ్‌మ్యాప్ చేసుకుని (అంటే ఫైల్‌ను మెమరీలా కనిపించేలా అతికించుకుని) చదువుతుంది. రోజూ రాత్రి ఒక స్క్రిప్ట్ కొత్త ఫైల్‌ను అదే పేరు మీదికి సీపీ (ఫైల్ కాపీ చేసే కమాండ్) కొడుతుంది. అప్పుడప్పుడు 'బస్ ఎర్రర్' వచ్చి సర్వీస్ పడిపోతోంది. ర్యామ్ మార్చినా అంతే. లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో) బగ్ ఉందా?

జవాబు: లేదు. ఈ ఫిర్యాదు పదే పదే వస్తోంది, ప్రతిసారీ ముందు ర్యామే మారుస్తున్నారు. తప్పు స్క్రిప్టుది.

సీపీ పాత ఫైల్‌ను తెరుస్తూనే సైజును సున్నా చేస్తుంది. కెర్నల్ ముందు ఐనోడ్‌లో (ఫైల్ వివరాలుండే రికార్డులో) సైజు తగ్గించి, మీ ప్రాసెస్ పేజీ టేబుళ్లలోంచి (ఏ మెమరీ అడ్రస్‌కు ఏ పేజీ అని చెప్పే పట్టికల్లోంచి) ఆ పేజీలను, అంటే ఫైల్ ముక్కలను తీసేసి, ఆ తర్వాత పేజీ క్యాష్ (ఫైల్ డేటాను ర్యామ్‌లో దాచే చోటు) ఖాళీ చేస్తుంది. ఈలోగా మీ థ్రెడ్ ఒక పేజీని తాకితే పేజీ ఫాల్ట్ వస్తుంది, అంటే ఆ పేజీ టేబుల్లో లేదని పని కెర్నల్ చేతికి వెళ్తుంది. ఫాల్ట్ హ్యాండ్లర్ పేజీకి లాక్ వేశాక, అది ఇంకా ఆ ఫైల్‌దేనా అనీ, సైజు లోపలే ఉందా అనీ మళ్లీ చూస్తుంది. ఫైల్ చివర దాటి ఉంటే సిగ్‌బస్ సిగ్నల్ పంపుతుంది, మీకు కనిపించే 'బస్ ఎర్రర్' అదే. 2 జీబీ మళ్లీ నిండేదాకా, ఇంకా రాయని భాగాన్ని తాకిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. ఎఫ్‌స్టాట్‌తో (ఫైల్ వివరాలు అడిగే కాల్‌తో) సైజు చూసుకుని చదివినా లాభం లేదు, చూసిన మరుక్షణమే సైజు మారిపోవచ్చు.

సర్వీస్ పడిపోని రాత్రులే నాకు ఎక్కువ భయం. పాత ఆఫ్‌సెట్లతో (ఫైల్‌లోని పాత స్థానాలతో) కొత్త డేటాను చదివి తప్పు ఫలితాలు ఇచ్చి ఉంటుంది, లాగ్‌లో ఒక్క లైనూ ఉండదు.

కొత్త ఫైల్‌ను అదే డైరెక్టరీలో వేరే పేరుతో రాసి, ఎఫ్‌సింక్ చేసి (డేటా డిస్క్‌కు చేరేలా చూసి), ఎంవీతో (పేరు మార్చే కమాండ్‌తో) అసలు పేరు మీదికి తెండి. వేరే ఫైల్‌సిస్టమ్ నుంచి తెస్తే ఎంవీ కూడా కాపీయే చేస్తుంది. తర్వాత సర్వీస్‌తో కొత్త ఫైల్‌ను తెరిపించి, నడుస్తున్న క్వెరీలు ముగిశాక పాతదాన్ని మన్‌మ్యాప్ చేయండి (మెమరీ నుంచి విడదీయండి). అప్పటిదాకా పాత ఐనోడ్ బతికే ఉంటుంది, కాబట్టి డిస్క్‌లో ఇంకో 2 జీబీ ఖాళీ ఉండాలి.

నమ్మకం లేని ప్రాసెస్ ఇచ్చిన ఫైల్ డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైల్‌ను సూచించే నంబర్‌ను) మ్యాప్ చేస్తున్నారా? అది ఫైల్‌ను కుదించి మీ సర్వీస్‌ను ఎప్పుడైనా చంపగలదు. మెమ్‌ఎఫ్‌డీ (మెమరీలోనే ఉండే ఫైల్) మాత్రమే తీసుకోండి. దానికి ష్రింక్ సీల్ (ఫైల్‌ను కుదించకుండా వేసే ముద్ర) ఉందో లేదో మ్యాప్ చేయకముందే చూడండి, లేకపోతే తిప్పి పంపండి. 2014లో లినక్స్ 3.17తో వచ్చిన ఈ సౌకర్యాన్ని ఇప్పటికీ వాడని కోడ్‌ను క్షమించలేను.

షేర్డ్ లైబ్రరీల (చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్ ఫైళ్ల) మీద నేరుగా రాసే అప్‌డేట్ స్క్రిప్టులదీ ఇదే తప్పు. అక్కడ కెర్నల్ అడ్డు చెప్పదు, ఆ లైబ్రరీని వాడుతున్న ప్రోగ్రాములన్నీ ఒకేసారి కూలిపోవచ్చు.