స్పోర్ట్స్ స్టీరింగ్‌కి వైర్‌లెస్ బటన్లు: పాటలకు సరే, హారన్‌కు వద్దు

మీ పోలో జీటీకి ఊడదీసి పెట్టుకునే స్పోర్ట్స్ స్టీరింగ్ వేయించి, హారన్, వాల్యూమ్, ఫోన్ బటన్లన్నీ వైర్‌లెస్ చేయించవచ్చా అని అడిగారు. కారు రోజూ తిరగడానికీ, అప్పుడప్పుడు కోయంబత్తూరు కరి స్పీడ్‌వే అనే రేసు ట్రాక్‌లో ట్రాక్ డేలకూ (ఎవరి కారు వాళ్లు ట్రాక్ మీద నడుపుకునే రోజులు) అన్నారు. అనంతపురంలో కార్ల వైరింగ్ పని చేస్తాను, ఇలాంటి కిట్లు చాలానే బిగించాను. వాల్యూమ్, పాట మార్చడం, ఫోన్ ఎత్తడం వైర్‌లెస్ మీద బాగానే నడుస్తాయి. హారన్‌ను మాత్రం తీగ మీదే ఉండనివ్వండి.

కంపెనీ స్టీరింగ్ వెనకాల క్లాక్ స్ప్రింగ్ అని గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో పల్చటి రిబ్బన్ కేబుల్ చుట్టలుగా ఉండి, స్టీరింగ్ తిప్పినప్పుడు బిగుస్తూ, వదులవుతూ ఉంటుంది. హారన్, బటన్లు, ఎయిర్‌బ్యాగ్ అన్నింటి కరెంటూ దాని గుండానే పోతుంది. ఊడదీసే స్టీరింగ్ వేస్తే ఆ దారి తెగిపోతుంది. అందుకే ఈ వైర్‌లెస్ కిట్లు వచ్చాయి. బటన్లలో ట్రాన్స్‌మిటర్, రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ ఉంటాయి. డ్యాష్‌బోర్డు వెనక రిసీవర్ పెడతాం. దాని తీగలు స్టీరియోలో కీ1, కీ2 అని రాసి ఉన్న తీగలకు కలుపుతాం. తర్వాత స్టీరియో సెట్టింగ్స్‌లో ఒక్కో బటన్ నొక్కి, ఇది వాల్యూమ్‌కు, ఇది ఫోన్‌కు అని నేర్పించడమే.

అసలు చిక్కు మన ఎండలతో వస్తుంది. ఆ బ్యాటరీలకు మామూలుగా 60 డిగ్రీల వరకే పరిమితి. మే నెల మధ్యాహ్నం క్లాక్ టవర్ దగ్గర అద్దాలు మూసి పెట్టి వచ్చిన కారులో స్టీరింగ్ మీద చేయి పెట్టగలమా? ఆ వేడికి బ్యాటరీ త్వరగా నీరసపడుతుంది. బటన్లను అంటించిన డబుల్ టేపు జిగురు కరిగి సాగుతుంది కూడా.

మా దగ్గరికి వచ్చిన ఒకాయన వేరే చోట హారన్ కూడా వైర్‌లెస్ చేయించుకున్నారు. తాడిపత్రి రోడ్డులో గొర్రెల మంద అడ్డం వచ్చినప్పుడు ఎంత నొక్కినా మోగలేదట. బ్రేకు అందింది కాబట్టి సరిపోయింది. బ్యాటరీ తీసి మీటరు పెడితే దాదాపు 3 వోల్టులే చూపించింది, బాగుందనిపించేట్టు. బటన్ నొక్కి పట్టుకుని చూస్తే అప్పుడు వోల్టేజి జారిపోతోంది. అంటే ఉత్త మీటరు చూసి ఈ బ్యాటరీని నమ్మడానికి లేదు. పైగా కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 119వ నియమం ప్రకారం బండికి పనిచేసే హారన్ ఉండి తీరాలి.

హారన్‌కు ఒక్క తీగ చాలు. హబ్‌లో (స్టీరింగ్‌ను దాని రాడ్డుకు బిగించే మధ్య భాగం) ఇత్తడి రింగు, దాని మీద ఒరుసుకుంటూ తిరిగే స్ప్రింగు పిన్ను ఉండే రకం తీసుకోండి. లేదంటే పాత ల్యాండ్‌లైన్ ఫోన్లకు ఉండే మెలికల తీగ ప్లగ్గుతో పెట్టించండి. చూడటానికి అందంగా ఉండదు కానీ పనిచేస్తుంది. ఫార్ములా వన్ కార్లలో కూడా స్టీరింగ్ ఊడి వచ్చే చోట పిన్నుల కనెక్టరే ఉంటుంది, అన్ని బటన్లూ దాని మీదే నడుస్తాయి.

మీరు అడగకపోయినా ఎయిర్‌బ్యాగ్ సంగతి చెప్పాలి. అది వైర్‌లెస్‌గా పనిచేయదు, ఆ స్పోర్ట్స్ స్టీరింగ్‌లో అసలు ఉండనే ఉండదు. 2019 జూలై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకు డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేసింది ఊరికే కాదు. మీకున్నది ఈ ఒక్క కారే అయి, దాంట్లోనే ఇంట్లోవాళ్లతో 44వ జాతీయ రహదారి మీద బెంగళూరు వెళ్లి వస్తుంటే, కంపెనీ స్టీరింగ్ తీయకండి. నేనైతే అలాంటి పని ఒప్పుకోను. ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరిపోవడానికి రెసిస్టర్ (ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టే కారును నమ్మించే చిన్న పార్టు) పెట్టేస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. మీ గోల బటన్ల కోసమే అయితే, కంపెనీ స్టీరింగ్ ఉంచుకునే, ఎయిర్‌బ్యాగ్ మూతకు తగలకుండా అంచు మీద బిగించుకునే బటన్లు దొరుకుతాయి.

ట్రాక్‌కే వేరే కారు ఉంటే ధైర్యంగా వేయించుకోండి. కంపెనీ స్టీరింగ్ ఊడదీసే ముందు, ఎయిర్‌బ్యాగ్ పొరపాటున పేలకుండా, కారు బ్యాటరీ నెగటివ్ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగమని మెకానిక్‌కు చెప్పండి. ట్రాక్ మీద మీ వాళ్లతో రేడియోలో మాట్లాడే బటన్‌లాంటిది వైర్‌లెస్ చేయిస్తే ఒక పరీక్ష చేయించండి: బటన్ నొక్కి పట్టుకుని ఉండగానే దాని బ్యాటరీ లాగేయాలి. రిసీవర్‌లో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) వెంటనే వదిలేస్తే కిట్ మంచిది. వదలకుండా అలాగే పట్టుకుని ఉంటే వెనక్కి ఇచ్చేయండి.

రిసీవర్‌కు కరెంటు మాత్రం తాళం తిప్పితేనే వచ్చే తీగ నుంచి ఇప్పించండి, ఎప్పుడూ వచ్చే తీగకు కలిపితే నిలిపి ఉంచిన కారు బ్యాటరీ దిగిపోతుంది. స్టీరియో వెనక ఇనుప పట్టీకి ఆనించి పెట్టినా సిగ్నల్ సరిగా అందదు, ప్లాస్టిక్ వైపు జరిపించండి.